గేదె ఇంజనుకి రైట్ రైట్

మెల్‌బోర్న్ తెలుగువాళ్లకి మాట్లాడుకోవడానికి విషయాల కరువు ఎప్పుడూ లేదు. ఎవరి గృహప్రవేశంలో గుత్తొంకాయ మాడింది, ఎవరి పిల్లకి మెడిసిన్‌లో సీటు తప్పింది, ఎవరు ఏ సబర్బ్‌లో ఇల్లు కొని చేతులు కాల్చుకున్నారు, వీటితోనే వారాంతాలు హాయిగా గడిచిపోతాయి. అలాంటిది ఆ ఏడాది చలికాలం మొత్తం ఇవన్నీ పక్కకి జరిగి ఒకే ఒక్క కబురు రాజ్యమేలింది. డాక్టర్ శ్యామసుందరి రైలింజను నడపడం నేర్చుకుంటోందట.

ఎవరి ఊహలు వాళ్లవి. ఆసుపత్రిలో గొడవపడి ఉద్యోగం మానేసిందన్నారు కొందరు. అరవై దగ్గరపడుతుంటే ఇలాంటి కోరికలు పుడతాయని, దానికేదో వైద్యం ఉందని అన్నారు ఇంకొందరు. వెనక అనుకోవడం చేతకాని ఉదయశ్రీ మాత్రం క్లేటన్‌లో ఇండియన్ కొట్టు ముందు, చేతిలో కరివేపాకు కట్టతో, నేరుగా ఆమెనే పట్టుకుంది.

"అక్కా, నిజం ఇంజనేనా? లేకపోతే పార్కులో పిల్లలని ఎక్కించుకుని తిరుగుతుందే, ఆ టైపా?"

"యాభై టన్నులుంటుంది" అంది శ్యామసుందరి. "నువ్వు బొమ్మనుకుంటే బొమ్మే."

శ్యామసుందరి వృత్తి జనాన్ని నిద్రపుచ్చడం. ముప్ఫై ఏళ్లుగా ఆపరేషన్లకి ముందు మత్తు ఇచ్చే డాక్టరు. ఆవిడ భర్త యోగానంద్ యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఏ మట్టి ఎంత బరువు మోస్తుందో ఆయనకి తెలుసు గానీ, ఏ కబురు ఎంతసేపు కడుపులో దాచాలో తెలియదు. వాళ్లింట్లో మత్తు ఇవ్వకుండానే నిద్రపుచ్చేది ఆయనేనని ఆవిడ అంటుంటుంది.

ఇంజను సంగతికి మూలకారణం కూడా ఆయనే. రెండేళ్ల క్రితం పిక్నిక్‌కి వెళ్లి వస్తుంటే, ఊరికి ఉత్తరాన గంటన్నర దూరంలో, వాటిల్ జంక్షన్ అనే చిన్న ఊరి దగ్గర ఆయనకి అర్జంటుగా టాయిలెట్ అవసరమైంది. కనిపించిన గేటులోకి కారు తిప్పారు. అది పాత రైళ్లని బాగుచేసుకుని ముచ్చటగా తిప్పుకునే ఒక సంఘం వాళ్ల యార్డు. ఆయన పని మీద ఆయన పరిగెత్తాడు. ఆవిడ కారు దిగి నిలబడింది. ఎదురుగా పట్టాల మీద అది ఉంది.

నల్లగా, పొట్టిగా, ముందుకి సాగిన పొడుగాటి ముక్కుతో, వెనకాల చిన్న గదితో నిలబడి ఉంది. ఆరు చక్రాలు, వాటిని ఒకదానితో ఒకటి కలుపుతూ లావాటి ఇనప కడ్డీలు. అప్పుడే ఎవరో స్టార్ట్ చేశారు. ఒళ్లు విదిలించుకుని, ఒక నల్లటి పొగ వదిలి, డబడబమని గొణుక్కుంటూ కదలడం మొదలుపెట్టింది. ఆ కడ్డీలు పైకీ కిందకీ నిదానంగా తిరుగుతుంటే ఆవిడ ఎంతసేపు చూసిందో ఆవిడకే తెలియదు. యోగానంద్ తిరిగొచ్చి "ఇక పోదామా" అంటే వినిపించలేదు.

అది ఇంగ్లండులో పుట్టిన ఇంజను. ప్రెస్టన్ అనే ఊళ్లో తయారై, డెబ్బై ఏళ్ల క్రితం ఓడెక్కి ఇక్కడికి కాపరానికొచ్చింది. ఆ జాతి ఇంజన్లు పుట్టింట వందలకొద్దీ పనిచేశాయి. యార్డులో పెట్టెలని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నెట్టి, రైలు అమర్చిపెట్టడం వాటి పని. అమర్చిన రైలుని లాక్కుపోయి పేరు తెచ్చుకునేది ఇంకో పెద్ద ఇంజను. పెళ్లి వంటంతా చేసి పందిట్లోకి రాని మనిషి ఉంటుంది చూడండి, షంటింగ్ ఇంజను బతుకు అలాంటిది. వేగం అడక్కండి. సైకిలు మీద పోయే కుర్రాడు దాటేస్తాడు. బలం మాత్రం ఉంది. పట్టిందంటే కదలాల్సిందే.

"మా తెనాలి ఇంట్లో గేదె అచ్చం ఇలాగే ఉండేది" అంది శ్యామసుందరి. "కదలమంటే కదలదు. కదిలితే ఆగదు."

ఆ పేరే స్థిరపడిపోయింది. ఆవిడ శనివారాలు అక్కడికి వెళ్లి, ముందు పాత పెట్టెల తలుపులకి రంగులు వేసి, తర్వాత కడ్డీలకి నూనె పెట్టి, ఏడాది తిరిగేసరికి ఆ గదిలోకి ఎక్కింది. మాటిమాటికీ ఆవిడ గేదె, గేదె అనడం విని అక్కడివాళ్లు అదేదో అమ్మాయి పేరనుకున్నారు. ఎవరో ముచ్చటపడి "గెడ్డీ" అని ఇత్తడి పలక చేయించి ఇంజను పక్కన బిగించారు. దాని అర్థం తెలిసిన ఇద్దరూ ఇప్పటిదాకా నోరు విప్పలేదు.

నేర్పింది బెవ్. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు మెల్‌బోర్న్ ట్రాములు నడిపింది. ఇంజను గదిలో మూలగా కూర్చుని, ఒళ్లో స్వెటరు అల్లిక పెట్టుకుని, కళ్లు అల్లిక మీద, చెవులు ఇంజను మీద ఉంచి పాఠం చెప్తుంది. కింద ప్లాట్‌ఫారం మీద నిలబడి నడిపేవాళ్లకి ఆజ్ఞలిచ్చేది గ్రేమ్. పొడుగాటి మనిషి, యార్డుకి పెద్ద. ఎవరు పాసయ్యారో, ఎవరు ఇంకా తలుపులకి రంగులు వేయాలో తేల్చేది ఆయనే. ఆయన దగ్గర ఒకటే సూత్రం. ఆయన పచ్చజెండా ఊపి, రేడియోలో "క్లియర్ టు మూవ్" అనాలి. ఆ రెండూ లేకుండా చక్రం కదలకూడదు. కదిలిందా, ఫెయిల్.

ఇక గ్రేమ్‌కి ఒక ఊతపదం ఉంది. రైట్. "రైట్, వాన వచ్చేట్టుంది." "రైట్, టీ ఎవరు పెడతారు." ఆ మాట లేకుండా ఆయన నోరు తెరవడు. ఒక్కో రైటు విడిగా వచ్చినన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు.

శ్యామసుందరి పరీక్ష ఆగస్టులో జరిగింది. వెనక రెండు ఖాళీ పెట్టెలు. ఆవిడ బ్రహ్మాండంగా నడిపింది. ముందుకి తీసుకెళ్లింది, వెనక్కి తెచ్చింది, బెవ్ టీ కప్పులో టీ తొణకకుండా ఆపింది. ఇంకొక్కసారి ముందుకి వెళ్లొస్తే అయిపోతుంది. ఆజ్ఞ కోసం ఎదురుచూస్తోంది. సరిగ్గా అప్పుడే గ్రేమ్‌కి ఇంటినుంచి ఫోను వచ్చింది. వచ్చేటప్పుడు ఏమేం తేవాలో వాళ్లావిడ చెప్తోంది. ఫోను ఒక చేతిలో, రేడియో ఇంకో చేతిలో, ఆ రేడియో బటన్ మీద బొటనవేలు. తనకి తెలియకుండానే నొక్కి ఉంచాడు.

"రైట్... రైట్" అన్నాడు గ్రేమ్ వాళ్లావిడతో.

గేదె కదిలింది.

రెండు మూడడుగులు కూడా పోలేదు, శ్యామసుందరే ఉలిక్కిపడి బ్రేకు వేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. బెవ్ ఒళ్లో స్వెటరు మాత్రం టీలో తడిసింది. గ్రేమ్ ఫోను పెట్టేసి, మెల్లగా నడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏం విన్నావు, శామ్?" అని అడిగాడు. అక్కడందరికీ ఆవిడ శామ్.

"పొరపాటైంది. సారీ" అంది ఆవిడ.

"ఏం విన్నావని అడుగుతున్నాను."

ఆవిడ ఇంకేం చెప్పలేదు. చెప్పడానికి లేక కాదు. చెప్పదలచుకోలేదు.

శ్యామసుందరి నాన్న తెనాలి డిపోలో ఆర్టీసీ కండక్టరు. వేసవి సెలవుల్లో ఆయన బస్సులోనే ఆవిడ బాల్యం తిరిగింది. డ్రైవరు పక్కన వేడెక్కిన ఇంజను మూత మీద, మడతపెట్టిన గోనెపట్టా వేసుకుని కూర్చునేది. వెనకనుంచి నాన్న బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్" అనేవాడు. ఆ మాట చెవిన పడటం, డ్రైవరు గేరు వేయడం, చెట్లు వెనక్కి పోవడం మొదలవడం, మూడూ ఒకటే. ఆపాలంటే "హోల్డాన్". ఇంగ్లీషులో ఆవిడ మొట్టమొదట నేర్చుకున్న మాటలు ఇవే. రైట్ అంటే కుడి అనీ, ఒప్పు అనీ తర్వాతెప్పుడో బళ్లో చెప్పారు. ముందు నేర్చుకున్న అర్థం ఒంట్లోకి పోయింది, తర్వాతివి పుస్తకంలో ఉండిపోయాయి.

ఇది గ్రేమ్‌కి చెప్తే ఏమవుతుంది? నవ్వుతాడు, లేదా జాలిపడతాడు. తప్పు చేసి కారణాలు వెతికేవాళ్లంటే ఆవిడకి ఆపరేషన్ థియేటర్లో ఎప్పుడూ మంట. అదొక్కటే కాదు. నాన్న పోయి పదేళ్లు దాటింది. ఆయన మాట ఇన్నేళ్ల తర్వాత, ఇంత దూరంలో, ఒక తప్పుకి సాకుగా బయటకి రావడం ఆవిడకి కష్టంగా ఉంది.

"రైట్" అన్నాడు గ్రేమ్, ఈసారి బరువుగా. "ఇంకొక్క అవకాశం. అక్టోబరులో ఓపెన్ డే రోజు, జనంతో. అప్పుడు కూడా ఆజ్ఞ లేకుండా కదిలితే ఇక లేదు. నేను కఠినంగా ఉన్నాననుకోకు. పెట్టెల్లో మనుషులుంటారు."

ఆవిడకి ఆ "ఇక లేదు" ఎంత గట్టిదో తెలుసు. గేదె చక్రాల అంచులు అరిగిపోయాయి. ఈ సీజను అవగానే దాన్ని షెడ్డులో పెట్టేస్తారు. కొత్తవి వేయించేంత స్తోమత సంఘానికి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. అక్టోబరులో నడపకపోతే ఈ జన్మకి ఆవిడ గేదెని నడపనట్టే.

తిరుగు ప్రయాణంలో సంగతంతా చెప్పింది. యోగానంద్ విని కారు రోడ్డు పక్కన ఆపాడు. ఓదార్చడానికి అనుకుంది ఆవిడ. కాదు, నవ్వడానికి. స్టీరింగు మీద తల పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"అయిందా?" అంది ఆవిడ.

"అయింది. కాదు, ఇంకొంచెం ఉంది" అని మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి కళ్లు తుడుచుకుని, "దీనికి ప్రాక్టీసే మందు శ్యామా. నాకొదిలెయ్. నీకు ఆ మాట వినీ వినీ మొహం మొత్తేట్టు చేస్తా" అన్నాడు.

మర్నాటినుంచి ఇల్లు తెనాలి బస్టాండైపోయింది. ఆవిడ దోసె తిరగేస్తుంటే వెనకనుంచి "రైట్ రైట్". పళ్లు తోముకుంటుంటే బాత్‌రూమ్ తలుపు అవతల "రైట్ రైట్". గరాజులోంచి కారు తీస్తుంటే డిక్కీ వెనక నిలబడి "రైట్ రైట్". మొదట్లో ఆవిడ చెయ్యో కాలో ఏదో ఒకటి కదిలేది. ఒకసారి పోపులో ఉప్పు డబ్బా మొత్తం బోర్లించింది. రానురాను మార్పొచ్చింది. సెప్టెంబరు అయ్యేసరికి ఆయన ఎంత గొంతు చించుకున్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "కండక్టరు రెండు దెబ్బలు వేసేవాడన్నావుగా, అవి కూడా వెయ్యాలి" అని ఆయన కారు డిక్కీ మీద చెయ్యెత్తాడు. "ఏవండీ, కొత్త కారు. సొట్టలు పడతాయి" అంది ఆవిడ. ఆ చెయ్యి అలాగే కిందకి దిగింది.

పాఠం సంగతి అలా ఉండగా యోగానంద్ ఇంకో ఘనకార్యం చేశాడు. ఓపెన్ డే సంగతి తెలుగు సంఘం వాట్సాప్‌లో పెట్టేశాడు. "మన శ్యామ రైలు నడుపుతోంది, అందరూ రండి, పులిహోర మాది" అని. వాటిల్ జంక్షన్ ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా వస్తామని బొటనవేళ్లు చూపించారు.

"ఫెయిలైతే?" అంది శ్యామసుందరి. "వీళ్లందరి ముందూ ఫెయిలైతే నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?"

యోగానంద్‌కి అప్పుడు తట్టింది, తను చేసిందేమిటో. ఆయన జోకేయలేదు. "కావు" అన్నాడు మెల్లగా. "ఐనా, పులిహోరైతే తింటారు కదా."

ఓపెన్ డే నాడు ఎండ బాగా కాసింది. కార్లు బారులు తీరాయి. మడత కుర్చీలు దిగాయి, గొడుగులు దిగాయి, రెండు పెద్ద గిన్నెల పులిహోర దిగింది, ఎవరో కారంపూస కూడా తెచ్చారు. పట్టు చీరల్లో, నల్ల కళ్లద్దాల్లో, ఊరు ఊరంతా ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఇంజను ముందు ఫోటోలు తీయించుకుంది. పిల్లలు గెడ్డీ అంటే ఏమిటని అడిగితే శ్యామసుందరి చెవిలో చెప్పింది. వాళ్లు నవ్వుతూ పరిగెత్తారు. రహస్యం బట్టబయలైంది.

గ్రేమ్ ఇలాంటి జనాన్ని ఎప్పుడూ చూడలేదు. మామూలుగా అక్కడికొచ్చేవాళ్లు వరసలో నిలబడి, ఎక్కి, కూర్చుంటారు. వీళ్లలో ఒకరెక్కితే ఇద్దరు దిగుతున్నారు. ఒకరి సీటు మీద ఇంకొకరి కండువా. "ఇక్కడ ఎవరో ఉన్నారండీ." "ఉంటే కనపడాలిగా." యోగానంద్ దుబాసీ పని మీద వేసుకున్నాడు. గ్రేమ్ ఇచ్చిన నారింజరంగు కోటు తొడుక్కుని, "ఎక్కండి, ఎక్కండి, లోపలికి జరగండి" అంటూ అటూ ఇటూ పరిగెడుతున్నాడు. ఆయన అంత ఆనందంగా ఉండగా ఆవిడ ఈ మధ్య చూడలేదు.

శ్యామసుందరి గదిలో తన సీట్లో కూర్చుని ఉంది. ఒక చెయ్యి పవర్ హ్యాండిల్ దగ్గర, ఇంకోటి బ్రేకు దగ్గర. కింద గేదె డబడబమంటోంది, ఆ అదురు పాదాల్లోంచి వెన్నులోకి ఎక్కుతోంది. బెవ్ మూల కూర్చుని కొత్త స్వెటరు మొదలుపెట్టింది. ఈసారి టీ కప్పుకి గట్టి మూత తెచ్చుకుంది. అది చూసి శ్యామసుందరికి నవ్వూ వచ్చింది, కొంచెం బాధా వేసింది.

గ్రేమ్ చివరి పెట్టె దగ్గరనుంచి తలుపులు చూసుకుంటూ వస్తున్నాడు. జెండా ఇంకా ఆయన చంకలోనే ఉంది. జనం దాదాపు సర్దుకున్నారు. యోగానంద్ వెనక పెట్టె మెట్టెక్కి, ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని, బయటకి వేలాడుతూ ప్లాట్‌ఫారం అంతా ఒక చూపు చూశాడు. బండి నిండింది. ఎండ హాయిగా ఉంది. పెళ్లాం ఇంజను మీద ఉంది. ఇన్ని వారాలూ ఆ మాట ఎందుకు అంటున్నాడో, ఎక్కడ అనకూడదో, అంతా మర్చిపోయాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. అరచేత్తో పెట్టె ఒంటి మీద ఠపఠపమని రెండు దెబ్బలు వేసి, కడుపులోంచి అరిచాడు.

"రైట్ రైట్."

మాట ఒక్కటే అయితే ఫరవాలేకపోయేది. ఇనుము మీద ఆ రెండు దెబ్బలు. శ్యామసుందరి చెయ్యి హ్యాండిల్‌ని పట్టుకుంది. వేళ్లు బిగిశాయి. ఆవిడకి గోనెపట్టా కింది వేడి తెలిసింది, డీజిలు వాసన తెలిసింది, ఇప్పుడు చెట్లు కదలాలి.

అప్పుడు ఆ రెండు దెబ్బలకి ముందుండేది గుర్తొచ్చింది. ఇన్నేళ్లుగా గుర్తురానిది. నాన్న అంత తొందరగా ఆ మాట అనేవాడు కాదు. ముందు తల బయటపెట్టి వెనక మెట్టు చూసేవాడు. గంపతో ఎక్కే ముసలమ్మ ఉంటే, ఆ గంప లోపలికి వచ్చి, ఆమె రెండో కాలు కూడా లోపలికి వచ్చి, ఆమె కడ్డీ పట్టుకునేదాకా ఆగేవాడు. డ్రైవరు విసుక్కునేవాడు. "ఆఖరి కాలు లోపలికి రానీ" అనేవాడు నాన్న. ఆ తర్వాతే అరచెయ్యి లేచేది. చిన్నపిల్ల ముందు కూర్చుని రోడ్డు చూసేది గనక ఆవిడకి మాట మాత్రమే ఒంటబట్టింది.

ఆవిడ చెయ్యి హ్యాండిల్ మీంచి తీసేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది.

ముందు పెట్టె మెట్టు మీద ఒక కాలు, ప్లాట్‌ఫారం మీద ఒక కాలుతో ఉదయశ్రీ వాళ్లమ్మ కళావతి ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. బెంచీ మీద మర్చిపోయిన చెక్కల డబ్బా కోసం దిగి, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో కర్ర పట్టుకుని మళ్లీ ఎక్కుతోంది. కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. రైట్ రైట్ విని కంగారుపడి, తొందరగా రెండో కాలు ఎత్తబోతోంది.

"హోల్డాన్" అని అరిచింది శ్యామసుందరి.

అది మత్తు డాక్టరు గొంతు కాదు. తెనాలినుంచి రేపల్లె దాకా వెనక సీటుకి కూడా వినపడాల్సిన గొంతు. రెండు పెట్టెల తెలుగు జనం ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయారు. సీటు కోసం వాదించేవాడు నోరు తెరిచి ఆగాడు, పులిహోర వడ్డించే చెయ్యి గాలిలో ఆగింది. కళావతి ఒక కాలు మీద అలాగే నిలబడిపోయింది. ఉదయశ్రీ తలుపులోంచి వంగి అమ్మ చంక కింద చెయ్యి వేసి లోపలికి లాక్కుంది.

లోపలనుంచి కళావతి గొంతు వినిపించింది. "ఎవరే ఆ అరిచింది? అచ్చం ఆర్టీసీ కండక్టరులా ఉంది."

యోగానంద్ మెట్టు మీద వేలాడుతూనే ఉన్నాడు. తను చేసిందేమిటో అప్పుడు తెలిసి, మొహం నారింజ కోటు రంగుకి వచ్చింది.

గ్రేమ్ జెండాతో సహా ఇంజను దగ్గరికొచ్చి, మెట్లెక్కి గదిలోకి వచ్చాడు. "శామ్, నువ్వు ఒక్క మాటన్నావు, అంతమంది బొమ్మల్లా ఆగిపోయారు. పొద్దుటినుంచి నేను అరుస్తున్నా ఒక్కరు వినలేదు. ఏమిటా మాట?"

"మీ మాటే" అంది ఆవిడ. "హోల్డ్ ఆన్."

ఇక దాచి లాభం లేదనిపించింది. దాచాలనీ అనిపించలేదు. నాన్న గురించి చెప్పింది. రెండు దెబ్బల గురించి, రైట్ రైట్ గురించి, ఆగస్టులో ఆ రోజు ఏం విన్నదో దాని గురించి చెప్పింది. గ్రేమ్ నవ్వలేదు. జాలీ పడలేదు. జెండా కర్రతో గడ్డం గోక్కున్నాడు.

మూలనుంచి బెవ్ సూదులు ఆపి తలెత్తింది. "మా ట్రాముల్లో రెండు గంటలు" అంది. "కండక్టరు రెండుసార్లు గంట కొడితే బయల్దేరాలి. నేను మానేసి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా డోర్‌బెల్ రెండుసార్లు కొడితే నా కుడిచెయ్యి దానంతటదే తిరుగుతుంది. మా ఆయన చూసి భయపడేవాడు. నువ్వు ఆ రోజే చెప్పి ఉంటే ఆ టీ ఒలికిన తప్పు నీ మీద వేసేదాన్ని కాదు, శామ్. నా మీద నేనే పోసుకున్నాననుకునేదాన్ని."

శ్యామసుందరి కళ్లు చెమర్చాయి. నవ్వింది కూడా. "మరి నా పరీక్ష?" అని అడిగింది గ్రేమ్‌ని.

"పరీక్ష ఇందాకే అయిపోయింది" అన్నాడాయన. "మీ ఆయనే పొమ్మన్నా నువ్వు పోలేదు. నాకు కావలసింది అదే. ఇప్పుడు కావలసింది ప్రయాణం." దిగుతూ మెట్టు మీద ఆగాడు. "ఆ మాట రెండుసార్లు అనాలన్నావు కదూ?"

ఆయన వెనక్కి నడిచి, ప్రతి తలుపూ మళ్లీ చూశాడు. యోగానంద్‌ని చెయ్యి పట్టుకుని లోపలికి ఎక్కించి, తలుపు వేసి, గడియ పెట్టాడు. అది చూసి రెండు పెట్టెల్లోనూ చప్పట్లు కొట్టారు. ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడి పచ్చజెండా ఎత్తాడు. రేడియోలో ఆయన గొంతు వచ్చింది.

"గెడ్డీ, క్లియర్ టు మూవ్."

ఒక్క క్షణం ఆగాడు. గొంతు సవరించుకుని, రాని భాష మాట్లాడేవాడిలా, జాగ్రత్తగా అన్నాడు.

"రైట్. రైట్."

శ్యామసుందరి రేడియో అందుకుంది. "గ్రేమ్, ఇది మీ రైటా, మా రైటా?"

"మీ నాన్నది" అన్నాడు గ్రేమ్.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, చివరిదాకా ఒక్కో మెట్టూ చూసింది. ఏ మెట్టు మీదా కాలు లేదు. అప్పుడు గేదెని కదిలించింది.